మొదటి విల్లును ఎంచుకోవడం: బెంగళూరులో విలువిద్య మొదలుపెట్టేవారికి సమగ్ర మార్గదర్శి

అమెరికాలో ఉంటున్న అన్నదమ్ములో బావమరుదులో అక్టోబరు, నవంబరు నెలల్లో క్రాస్‌బోతో (తుపాకీలా పట్టుకుని ట్రిగ్గరు నొక్కి బాణం విడిచే విల్లుతో) జింక వేటకు వెళ్ళి ఫొటోలు పంపినప్పుడల్లా, ఇక్కడ మారతహళ్ళిలోనో కె.ఆర్.పురంలోనో ఉద్యోగాలు చేసుకుంటున్న మన కుర్రవాళ్ళలో ఒకరిద్దరు నన్ను ఒకే ప్రశ్న అడుగుతుంటారు: "అన్నా, మొదటిసారి కొనేవాడికి ఏ క్రాస్‌బో మంచిది?" అక్కడ చాలా రాష్ట్రాల్లో లైసెన్సు తీసుకుని, నిర్ణయించిన సీజనులో, నిర్ణయించిన సంఖ్య మేరకు జింకలను వేటాడటం చట్టబద్ధమే. మన దేశంలో 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టం, తరువాతి సవరణలతో కలిపి, ఆ దారిని మూసివేసింది. బందీపుర రోడ్డు పక్కన మేస్తూ కనిపించే చుక్కల జింక తెలంగాణ రాష్ట్ర జంతువు, కృష్ణజింక ఆంధ్రప్రదేశ్ రాష్ట్ర జంతువు. చట్టం దృష్టిలో చంపడమే కాదు, చంపబోవడం కూడా వేటే.

వేట సంగతి పక్కన పెట్టి, గురి కొట్టడానికే క్రాస్‌బో కొంటానన్నా నా సలహా మారదు. వేట కోసం చేసిన క్రాస్‌బోలో నారిని లాగడానికి సాధారణంగా 150 పౌండ్లకు పైగా బలం కావాలి, ఆ బలాన్ని మన చేతులకు బదులు ఒక లోహపు కొక్కెం పట్టుకుని ఉంటుంది, మనం ట్రిగ్గరు నొక్కుతాం. వీపు కండరాలతో నారిని లాగి, దవడ కింద ఆనించి, ఊపిరి నిలిపి విడవడంలో ఉన్న విద్య దానిలో దాదాపు లేదు. పైగా ఈ నగరంలో దానికి తగిన క్లబ్బులు గానీ, నేర్పే కోచ్‌లు గానీ, పోటీలు గానీ దొరకడం కష్టం. అందువల్ల ఆ కోరికతో వచ్చినవారిని నేను చేత్తో లాగి విడిచే రికర్వ్ విల్లు వైపు మళ్ళిస్తుంటాను. దానిని ఎలా ఎంచుకోవాలో అంచెలంచెలుగా ఇక్కడ వివరిస్తున్నాను.

మొదటి అంచె: కొనకుండా నెల రోజులు ఆగడం

చాలా శిక్షణా కేంద్రాల్లో మొదట్లో విల్లు వాళ్ళే ఇస్తారు. ఆ నెలలో రెండు విషయాలు తేలాలి. ఆదివారం తెల్లవారుజామున లేచి రేంజ్‌కు (బాణాలు వేసే మైదానానికి) వెళ్ళే ఓపిక మీకు ఉందా అన్నది మొదటిది. ఎన్ని పౌండ్ల విల్లును మీ శరీరం అదుపులో పెట్టుకోగలదన్నది రెండోది. ఈ రెండోదాని జవాబు నెల మొదట్లో ఒకలా, చివర్లో మరొకలా ఉంటుంది, కాబట్టి మొదటి వారంలో ఉత్సాహం మీద కొన్న విల్లు చాలా ఇళ్ళలో బీరువా మీదికి చేరుతుంది.

ఎక్కడ వేస్తారన్నది కూడా ఈ నెలలోనే తేల్చుకోవాలి. "మా ఇంటి మేడ మీద వేసుకుంటాను" అనేవారికి ఒక చిన్న లెక్క చెబుతాను. బెంగళూరులో మామూలు సైటు 30 అడుగులకు 40 అడుగులు. దాని పొడవు అంతా కలిపినా 12 మీటర్లే, ఇండోర్ పోటీ దూరం 18 మీటర్లు. అంతకన్నా ముఖ్యమైనది, 20 పౌండ్ల పిల్ల విల్లు నుంచి పైకి గురిపెట్టి విడిచిన బాణం కూడా వంద మీటర్లు సునాయాసంగా దాటిపోతుంది. పక్క వీధిలో ఎవరి వరండాలో పడుతుందో మీ చేతిలో ఉండదు. ఇంట్లో నారి లాగే సాధన రబ్బరు బ్యాండుతో చేసుకోవచ్చు, బాణం మాత్రం రేంజ్‌లోనే విడవాలి.

రెండో అంచె: ఏ జాతి విల్లు

రికర్వ్ అంటే కొసలు ముందుకు వంపు తిరిగిన విల్లు. 1972లో విలువిద్య ఒలింపిక్స్‌కు తిరిగి వచ్చినప్పటి నుంచి 2024 పారిస్ వరకు అక్కడ కనిపించినది ఇదొక్కటే. విజయవాడ కుర్రవాడు బొమ్మదేవర ధీరజ్ పారిస్‌లో వేసినదీ ఇదే. కాంపౌండ్ విల్లుకు కొసల్లో చక్రాలు, తీగలు ఉంటాయి. పూర్తిగా లాగిన తరువాత బరువులో అధిక భాగాన్ని ఆ చక్రాలే మోస్తాయి, వేళ్ళకు బదులు చిన్న పరికరంతో నారిని విడుస్తారు. 2022 ఆసియా క్రీడల్లో మూడు స్వర్ణాలు గెలిచిన వెన్నం జ్యోతి సురేఖది కాంపౌండ్. ఆమెను టీవీలో చూశాక మన తల్లిదండ్రులు చాలామంది పిల్లలకు నేరుగా కాంపౌండే కొనిస్తామంటున్నారు. 2028 లాస్ ఏంజెలెస్ ఒలింపిక్స్‌లో కాంపౌండ్ మిశ్రమ జట్టు పోటీ కూడా చేరడంతో ఆ మోజు ఇంకా పెరిగింది.

కాంపౌండ్ చెడ్డదని నేను అనను. అయితే దానిని ఎంత దూరం లాగాలో చక్రాలే నిర్ణయిస్తాయి, ఎదిగే పిల్లవాడి చేతులు పొడుగవుతున్న కొద్దీ దానిని సరిచేయిస్తూ ఉండాలి, నారి మార్చాలన్నా బో ప్రెస్ అనే యంత్రం కావాలి. రికర్వ్‌ను విప్పి, బిగించి, నారి మార్చడం పదేళ్ళ పిల్లవాడు కూడా ఒక వారంలో నేర్చుకుంటాడు. వెదురు విల్లుతో ఆడే ఇండియన్ రౌండ్ కూడా మన దేశంలో బలంగానే సాగుతోంది. అందులో ఖర్చు తక్కువే గానీ, ఈ నగరంలో దానిని నేర్పేవారు దగ్గరలో ఉంటేనే ఆ వైపు చూడాలి.

మూడో అంచె: కన్ను, చెయ్యి

రెండు చేతులూ ముందుకు చాచి, అరచేతుల మధ్య చిన్న త్రిభుజంలా సందు చేసి, రెండు కళ్ళూ తెరిచి, దాని గుండా గోడ గడియారాన్ని చూడండి. ఇప్పుడు ఒక్కో కన్నూ మూయండి. ఏ కన్ను తెరిచి ఉన్నప్పుడు గడియారం సందులోనే నిలిచిందో అది మీ ప్రధాన నేత్రం. కుడి కన్ను ప్రధానమైతే కుడిచేతి విల్లు కావాలి. కుడిచేతి విల్లు అంటే కుడి చేత్తో నారి లాగేది, విల్లు పట్టుకునేది ఎడమ చేత్తో. ఈ మాట దగ్గర తికమకపడి తప్పు విల్లు తెప్పించుకుని, తిరిగి పంపలేక బాధపడినవారిని నేను చూశాను. కుడిచేతివాటం ఉండి ఎడమ కన్ను ప్రధానమైనవారు కన్నునే అనుసరించడం మేలు, ఎలాగూ కొత్తగా నేర్చుకుంటున్న విద్య కాబట్టి రెండు మూడు వారాల్లో చెయ్యి అలవాటుపడుతుంది.

నాలుగో అంచె: లాగే దూరం, విల్లు పొడవు

గోడకు వీపు ఆనించి నిలబడి, చేతులు బారగా చాచి, ఒక మధ్య వేలి కొస నుంచి మరో మధ్య వేలి కొస వరకు టేపుతో కొలిపించుకోండి. మన పెద్దలు బావి లోతు చెప్పిన 'బార' ఇదే. ఆ అంగుళాలను 2.5తో భాగిస్తే మీ డ్రా లెంగ్త్, అంటే నారిని లాగే దూరం, దాదాపుగా వస్తుంది. బార 67 అంగుళాలైతే 26.8, అంటే సుమారు 27 అంగుళాలు. నెల రోజుల సాధన తరువాత కోచ్ చేత మళ్ళీ కొలిపించుకుంటే భంగిమ కుదిరి అర అంగుళం, అంగుళం పెరగడం మామూలే.

26 అంగుళాల లోపు లాగేవారికి 66, అక్కడి నుంచి 28 వరకు 68, ఆపైన 70 అంగుళాల విల్లు సరిపోతుంది, చిన్న పిల్లలకు 62 లేదా అంతకన్నా తక్కువ. పొట్టి విల్లును ఎక్కువ దూరం లాగితే నారి కొసన కోణం ఇరుకై వేళ్ళను నొక్కేస్తుంది. సందేహంగా ఉంటే పొడవైనదే తీసుకోండి.

అయిదో అంచె: పౌండ్లు

అందరూ తప్పు చేసేది ఇక్కడే, నేను కూడా చేశాను. మొదటి విల్లు కొనే రోజున ఒక దుకాణంలో 34 పౌండ్ల విల్లు ఇచ్చారు, "మగవాళ్ళు కదండీ, ఆరు నెలల్లో అలవాటవుతుంది" అన్నారు. ఒకసారి లాగి చూశాను, వచ్చింది, పొంగిపోయాను. ఒకసారి లాగడం వేరు, గంటన్నర పాటు వంద సార్లు లాగి ప్రతిసారీ అదే చోట ఆపడం వేరని తెలియడానికి మూడు వారాలు పట్టింది. ఆ తరువాత కుడి భుజం నొప్పితో రెండు నెలలు బాణం ముట్టలేదు, స్కూటరు మీద హెల్మెట్ పెట్టుకోవడానికి కూడా ఎడమ చెయ్యే వాడాల్సి వచ్చింది.

లెక్క ఇలా ఉంటుంది. 22 పౌండ్ల విల్లుతో ఒక ఉదయం 150 బాణాలు వేస్తే మొత్తం 3,300 పౌండ్లు, అంటే ఒకటిన్నర టన్నుల బరువు లాగినట్టు. దానికి పన్నెండు పౌండ్లు కలిపితే ఎంతవుతుందో మీరే వేసుకోండి. అంతర్జాతీయ స్థాయి పురుషులు 45 పౌండ్లకు పైగా వాడతారు, వాళ్ళు ఆ మెట్టుకు ఏళ్ళ తరబడి ఎక్కారు.

నా అనుభవంలో పదేళ్ళ లోపు పిల్లలకు 12 నుంచి 14, పదిహేనేళ్ళ వరకు 14 నుంచి 18, పెద్ద ఆడవారికి 18 నుంచి 20, పెద్ద మగవారికి 20 నుంచి 24 పౌండ్లు సరైన ఆరంభం. వ్యాయామశాలలో బరువులెత్తే అలవాటు ఉన్నవారు కూడా 26 దాటవద్దు, ఎందుకంటే ఇక్కడ పనిచేసేది భుజం వెనుక ఉన్న కండరాలు, అద్దంలో కనిపించేవి కావు.

లింబ్ (విల్లుకు పైనా కిందా బిగించే రెక్క) మీద రాసి ఉన్న అంకెను చదవడం కూడా నేర్చుకోవాలి. 68-22 అని ఉంటే 68 అంగుళాల విల్లుగా బిగించి 28 అంగుళాలు లాగినప్పుడు 22 పౌండ్లు అని అర్థం. మీరు లాగే దూరంలో అంగుళం తగ్గితే దాదాపు రెండు పౌండ్లు తగ్గుతాయి, అంగుళం పెరిగితే రెండు పెరుగుతాయి. అదే లింబ్స్‌ను 25 అంగుళాల రైజర్‌కు (విల్లు నడిమి భాగానికి) బదులు 23 అంగుళాల రైజర్‌కు బిగిస్తే మరో రెండు పౌండ్లు పెరుగుతాయి. 25 అంగుళాలే లాగే మా మేనకోడలికి 20 అని రాసి ఉన్న లింబ్స్ 14 పౌండ్లే ఇస్తాయి, 30 లాగే పొడగరికి అవే 24 అవుతాయి. రాసినది ఎంత అని అడగడం మానేసి, మీ వేళ్ళ మీద ఎంత పడుతోందో రేంజ్‌లోని తూకంతో తూయించుకోండి.

పరీక్ష ఒకటి చెబుతాను. బాణం పెట్టి, లక్ష్యానికి దగ్గరగా, ఎదురుగా నిలబడి, పూర్తిగా లాగి చేతిని దవడ కింద ఆనించి పదిహేను సెకన్లు ఆపండి. పక్కవారిని బాణం మొనను మాత్రమే చూడమనండి. పది సెకన్ల లోపే మొన ముందుకు పాకుతూ, కోడిమెడలా అదురుతూ ఉంటే ఆ విల్లు మీకు ఎక్కువ. లాగడం మొదలుపెట్టేటప్పుడు విల్లును ఆకాశం వైపు ఎత్తాల్సి వస్తున్నా, నడుము వెనక్కి వంగుతున్నా అదే తీర్పు.

ఆరో అంచె: రైజర్, లింబ్స్

రైజర్ అంటే చేత్తో పట్టుకునే నడిమి భాగం, లింబ్స్ అంటే పైనా కిందా బిగించే రెక్కలు. మూడూ విడదీసి సంచిలో పెట్టుకునేలా ఉన్న టేక్‌డౌన్ విల్లే కొనాలి. చెక్క రైజరు చవక, మొదటి సంవత్సరానికి చాలు, కానీ ప్లంజర్‌కు (బాణాన్ని పక్క నుంచి ఆనించే స్ప్రింగు బొడిపెకు), సైట్‌కు (గురి చూసే పరికరానికి), స్టెబిలైజర్‌కు (విల్లును నిలకడగా ఉంచే కడ్డీకి) ఇత్తడి బుషింగులు, అంటే మరలు బిగించే గూళ్ళు, ఉన్నాయో లేదో చూసుకోండి, అవి లేకపోతే తరువాత ఏదీ అమర్చలేరు. పోటీల దాకా వెళ్ళాలన్న ఆలోచన ఉన్నవారు ఐ.ఎల్.ఎఫ్. (ఇంటర్నేషనల్ లింబ్ ఫిట్టింగ్) అమరిక ఉన్న 25 అంగుళాల లోహపు రైజరు తీసుకోవాలి. ఆ అమరిక ఉన్న ఏ కంపెనీ లింబ్స్ అయినా దానికి సరిపోతాయి, మీడియం లింబ్స్ బిగిస్తే 68, లాంగ్ బిగిస్తే 70 అవుతుంది. డబ్బు రైజరు మీద పెట్టండి, లింబ్స్ చవకవి కొనండి, ఎందుకంటే ఏడాది తిరగకుండానే వాటిని మారుస్తారు.

పాత సామాను కొనడంలో తప్పేమీ లేదు, ఇక్కడ ఉద్యోగం మారి ఊరు వదిలి వెళ్ళేవారు తరచుగా అమ్ముతుంటారు. అయితే వారి ఎదుటే విల్లును ఎక్కుపెట్టించి, కుర్చీ మీద ఆనించి, వెనుక నిలబడి ఒక కన్ను మూసి చూడాలి. నారి రెండు లింబ్స్‌నూ నట్టనడుమ చీలుస్తున్నట్టు, బోల్టుల మధ్య గుండా పోతున్నట్టు కనిపించాలి, ఒక పక్కకు ఒరిగితే లింబ్ మెలిపడిందన్నమాట. తరువాత కొంచెం దూది తీసుకుని లింబ్ అంచుల వెంట మెల్లగా లాగండి. కంటికి ఆనని చీలిక ఉంటే దూది పోగు అక్కడ చిక్కుకుంటుంది. నేను ఒకసారి అలా పట్టుకున్న చీలిక వేలి గోరంత కూడా లేదు, వారం తరువాత అదే విల్లును కొన్న మరొకరి చేతిలో ఆ లింబ్ పొరలు విడిపోయింది. ఎండలో నిలిపిన కారు డిక్కీలో విల్లు వదిలేస్తే ఇలాంటి పొరల విడివడటం ఇంకా త్వరగా వస్తుంది.

కొత్తది కొన్నా పాతది కొన్నా రసీదు అడిగి తీసుకోండి. కన్నడంలో విల్లును 'బిల్లు' అంటారు కాబట్టి, మా రేంజ్‌లో "బిల్లు ఉందా?" అని ఎవరైనా అడిగితే మనవాళ్ళు ముందు జేబు తడుముకుంటారు. రైల్లోనో బస్సులోనో ఊరికి తీసుకెళ్ళేటప్పుడు ఆ కాగితం నిజంగానే పనికివస్తుంది. విమానంలో అయితే విల్లూ బాణాలూ చెక్-ఇన్ సామానులోనే వెళ్ళాలి.

ఏడో అంచె: నారి, ఎక్కుపెట్టడం

చెక్క రైజరు, చవక లింబ్స్ ఉన్న విల్లుకు డాక్రాన్ నారి వాడాలి. అది కొద్దిగా సాగి దెబ్బను తీసుకుంటుంది. సాగని ఫాస్ట్‌ఫ్లైట్ రకం నారిని, దానిని తట్టుకుంటుందని తయారీదారు చెప్పిన లింబ్స్‌కే కట్టాలి. నారి నుంచి గ్రిప్ లోతు వరకు ఉండే దూరాన్ని బ్రేస్ హైట్ అంటారు. 68 అంగుళాల విల్లుకు అది 8.5 నుంచి 9 అంగుళాలు ఉండాలి, తగ్గితే నారికి మెలికలు పెంచాలి.

తెలుగులో ఎక్కుపెట్టడం అంటే అసలు అర్థం వింటికి నారి తగిలించడమే. సీతా స్వయంవరంలో పరీక్ష అదే, గురి కొట్టడం కాదు. ఆ పనిని మోకాలి కింద పెట్టి బలంతో చేయకండి, లింబ్ మెలిపడేది అక్కడే. స్ట్రింగర్ అనే తాడు చాలా తక్కువ ధరకు వస్తుంది, దానితోనే చేయండి. బాణం లేకుండా నారిని లాగి ఎప్పుడూ వదలకండి. బాణానికి పోవలసిన శక్తి అంతా లింబ్స్‌లోకి తిరిగి వచ్చి విల్లును పగలగొట్టగలదు, ఇంటికి వచ్చిన చుట్టాల పిల్లలకు ముందుగా చెప్పాల్సిన మాట ఇది.

ఎనిమిదో అంచె: బాణాలు

విల్లు బాగుండి బాణాలు కుదరకపోతే గురి కుదరదు, విల్లు అంతంతమాత్రమైనా బాణాలు కుదిరితే కుదురుతుంది. బాణం ఎంత వంగుతుందన్నదాన్ని స్పైన్ అంటారు. 28 అంగుళాల దూరంలో రెండు ఆనికల మీద పుల్లను పెట్టి, మధ్యలో 880 గ్రాముల బరువు వేలాడదీసినప్పుడు అది ఎన్ని వేయో వంతుల అంగుళం వంగిందో ఆ సంఖ్యే స్పైన్. వెయ్యి అని ఉంటే అంగుళం వంగిందని అర్థం. అంకె పెద్దదైన కొద్దీ పుల్ల మెత్తన. వేళ్ళ మీద 20 నుంచి 24 పౌండ్లు పడేవారికి 1000 దరిదాపుల్లో సరిపోతుంది. దుకాణంలో ఉన్నాయి కదా అని 500 పుల్లలు అంటగడితే, గురి ఎంత సరిగ్గా ఉన్నా కుడిచేతివారి బాణాలు ఎడమ పక్కకే పోతుంటాయి, మీరు నెలల తరబడి మీ చేతిని తిట్టుకుంటారు.

పొడవు విషయంలో పొదుపు వద్దు. పూర్తిగా లాగినప్పుడు మొన రెస్టు (విల్లు మీద బాణం ఆనే చోటు) కన్నా రెండు అంగుళాలు ముందుకు ఉండాలి, పొట్టి బాణం రెస్టు వెనక్కి జారితే విడిచినప్పుడు అది దిగేది మీ ముంజేతిలోనే. నాక్‌ను (బాణం వెనుక కొసన ఉండే గాడిని) నారికి తగిలించి బాణాన్ని కిందికి వేలాడదీస్తే పడకూడదు, నారిని వేలితో చిన్నగా తడితే పడిపోవాలి. అంత బిగువు చాలు.

మొదటికి అల్యూమినియం మంచిది, వంగితే కంటికి తెలుస్తుంది. కార్బన్ బాణం చీలినా పైకి కనిపించదు. అందుకని గట్టి వస్తువుకు తగిలిన ప్రతిసారీ దానిని చెవి దగ్గర పెట్టుకుని, రెండు కొసలూ పట్టి మెల్లగా వంచుతూ తిప్పండి, చిటపటమన్న శబ్దం వినిపిస్తే అక్కడికక్కడే విరిచి పారేయండి. డజను కొంటే, అన్నీ ఒకే పొడవు, ఒకే స్పైన్, ఒకే బరువు మొనలతో ఉండాలి.

మిగిలిన సామాను గురించి పెద్దగా చెప్పడానికి లేదు. నారి లాగే వేళ్ళను కాపాడే టాబ్, ముంజేతికి ఆర్మ్ గార్డ్, నడుముకు అంబులపొది మొదటి రోజు నుంచీ కావాలి. టాబ్ మాత్రం చేతికి పెట్టి చూసుకుని కొనండి. సైట్, స్టెబిలైజర్, క్లికర్ (పూర్తిగా లాగగానే టక్కుమని చెప్పే రేకు) లాంటివి కోచ్ అడిగినప్పుడు చూసుకోవచ్చు.

తరువాత పౌండ్లు పెంచడం

18 మీటర్ల దూరంలో 40 సెంటీమీటర్ల కాగితం మీద ముప్ఫై బాణాలు వేసి, చివరి ఆరు కూడా మొదటి ఆరు పడినంత దగ్గరదగ్గరగా పడుతున్నాయా అని వారానికొకసారి చూసుకోండి. నాలుగు వారాలు వరుసగా అలా పడితే రెండు పౌండ్లు పెంచవచ్చు, అంతకు మించి ఒకేసారి పెంచకూడదు. ఐ.ఎల్.ఎఫ్. రైజరుకైతే బోల్టులు బిగించి ఒకటి రెండు పౌండ్లు అక్కడే రాబట్టుకోవచ్చు, కొత్త లింబ్స్ కొనే ఖర్చు కొన్నాళ్ళు వాయిదా పడుతుంది. పౌండ్లు పెరిగినప్పుడు బాణాల స్పైన్ కూడా మళ్ళీ సరిచూసుకోవాలి.

ఆ 34 పౌండ్ల లింబ్స్‌ను నేను నాలుగో ఏట బిగించాను, వచ్చాయి. మధ్యలో కొన్న 20 పౌండ్ల జత మా రేంజ్‌లో ఇప్పటికి ముగ్గురి చేతులు మారింది. ప్రస్తుతం గుంటూరు నుంచి వచ్చి ఎలక్ట్రానిక్ సిటీలో పనిచేస్తున్న ఒక అమ్మాయి దగ్గర ఉంది, వచ్చే నెల తిరిగి ఇస్తానంది.